పెద్దదిక్కు లేని జట్టు

2002 వేసవి. డాట్‌కామ్ బుడగ పేలిపోయి, దాని మీద సెప్టెంబరు 11 దెబ్బ కూడా పడి, మనవాళ్ళలో చాలామంది "బెంచి" ఎక్కిన రోజులు. ఆ రోజులు చూసినవారికి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. చూడని పిల్లల కోసం చెబుతున్నాను. ఈ బెంచి పార్కులో ఉండే బెంచి కాదర్రా! ప్రాజెక్టు లేకుండా, ఫోన్ ఎప్పుడు మోగుతుందా అని ఎదురుచూస్తూ కూర్చునే కన్సల్టెంటు పరిస్థితికి పేరు బెంచి. నేను 1999లో ఎం.ఎస్. చదవడానికి వచ్చి, 2001లో డిగ్రీ పుచ్చుకుని, ఒక ప్రాజెక్టు ఆరు నెలలు చేసి, అది కాస్తా మూతబడ్డాక బెంచి మీదికి చేరాను. ఎడిసన్ దగ్గర ఒక గెస్ట్ హౌస్. రెండు గదులు, ఆరుగురం, ఒక రైస్ కుక్కరు, ఒకే ఒక్క ఫోను. ఎవరి రెజ్యూమెకి ఇంటర్వ్యూ వస్తే మిగతా అయిదుగురం టీవీ ఆపేసి ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళం.

శనివారాల్లో బ్రిడ్జ్‌వాటర్ బాలాజీ గుడికి వెళ్ళడం మాకు అలవాటు. భక్తి సగం, పులిహోర సగం. ఒక శనివారం దర్శనం అయ్యాక, మా రూమ్మేటు ఎవరో ఇచ్చారంటూ జేబులోంచి మూడు టికెట్లు తీశాడు. "ఇక్కడే, రైల్వే స్టేషను పక్కనే బేస్‌బాల్ గ్రౌండు ఉందట. ఇంటికెళ్ళి మాత్రం ఏం చేస్తాం, పదండి" అన్నాడు. క్రికెట్టు తప్ప మరో ఆట ఎరగని ముగ్గురం, నుదుటి కుంకుమతోనే వెళ్ళి కూర్చున్నాం.

ఒక్క ముక్క అర్థం కాలేదు. బంతి గాల్లోకి లేస్తే సిక్సరనుకుని మేం చప్పట్లు కొట్టాం, అది కాస్తా క్యాచ్ అయింది. మా వెనక సీట్లో కూర్చున్న పెద్దాయన నవ్వి, జాలిపడి, మెల్లగా నియమాలు చెప్పడం మొదలుపెట్టారు. చెబుతూ చెబుతూ మధ్యలో ఒక మాటన్నారు: ఈ ఆడుతున్నవాళ్ళలో సగం మందికి పైగా పెద్ద జట్లు వద్దని పంపేసినవాళ్ళేననీ, ఎవరో ఒకరు మళ్ళీ పిలుస్తారన్న ఆశతో ఇక్కడ ఆడుతున్నారనీ.

మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా రూమ్మేటు మెల్లగా, "అంటే వీళ్ళు కూడా బెంచి మీదే ఉన్నార్రా" అన్నాడు.

ఆ రోజు నుంచి సోమర్‌సెట్ పేట్రియట్స్ మా జట్టు అయిపోయింది.

స్వతంత్ర జట్టు అంటే?

అమెరికాలో మేజర్ లీగ్ జట్లు 30. ఒక్కొక్క పెద్ద జట్టు కింద కొన్ని చిన్న జట్లు ఉంటాయి. 2021 నుంచి జట్టుకు నాలుగు చొప్పున మొత్తం 120. వీటినే మైనర్ లీగ్ జట్లంటారు. పిల్లల ఎదుగుదలకు తరగతులున్నట్టు సింగిల్ ఏ, హై ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అని మెట్లుంటాయి. అక్కడి ఆటగాళ్ళకు జీతం ఇచ్చేదీ, శిక్షణ ఇచ్చేదీ, ఎవరు ఏ మెట్టు మీద ఉండాలో నిర్ణయించేదీ పై జట్టే. ఇంటి పెద్ద అన్నమాట.

స్వతంత్ర జట్టుకు ఆ పెద్దదిక్కు లేదు. మేనేజరుని తనే వెతుక్కోవాలి. ఆటగాళ్ళని తనే పోగుచేసుకోవాలి. వాళ్ళ జీతాలు, బ్యాట్లు, బస్సు అద్దె అన్నీ టికెట్ల మీద, హాట్‌డాగుల మీద, గోడ మీది ప్రకటనల మీద వచ్చే డబ్బుతోనే నడవాలి. ఇలాంటి జట్లలో నెలకు మూడు వేల డాలర్లు వస్తే పెద్ద జీతం కింద లెక్క. అది కూడా ఆట ఉన్న నెలల్లోనే. చలికాలంలో ఎవరి పొట్ట వాళ్ళు పోసుకోవలసిందే.

దీనిలో ఒక లాభం కూడా ఉంది. సీజను మధ్యలో ఏ పెద్ద జట్టైనా వచ్చి "ఈ కుర్రాడు మాకు కావాలి" అంటే, కొద్దిపాటి రుసుము తీసుకుని పంపించేస్తారు. నిన్న నాలుగు వికెట్లు తీసినవాడు ఇవాళ జట్టులో లేడంటే మన క్రికెట్లో గొడవైపోతుంది. ఇక్కడ మాత్రం అది పండగ. మన భాషలో చెప్పాలంటే, ప్రాజెక్టు దొరికి బెంచి దిగాడన్నమాట.

గ్రౌండు లేని మొదటి ఏడాది

ఈ కథ ఫ్రాంక్ బౌల్టన్ అనే లాంగ్ ఐలండ్ వ్యాపారితో మొదలవుతుంది. తన ఊరికి ఒక మైనర్ లీగ్ జట్టు తెచ్చుకోవాలన్నది ఆయన కోరిక. బేస్‌బాల్‌లో ప్రతి పెద్ద జట్టుకూ "ఇది మా ఇలాకా" అనే హక్కు ఉంటుంది. న్యూయార్క్ మెట్స్ ఒప్పుకోలేదు. ఇంకొకరైతే అక్కడితో ఊరుకునేవారు. బౌల్టన్ మాత్రం, వాళ్ళ గొడుగు కింద చోటు లేకపోతే మన గొడుగు మనమే వేసుకుందామని అట్లాంటిక్ లీగ్ స్థాపించారు. 1998లో ఆరు జట్లతో ఆట మొదలైంది. అట్లాంటిక్ సిటీ, బ్రిడ్జ్‌పోర్ట్, నాషువా, నెవార్క్, న్యూబర్గ్, ఆరోది మన సోమర్‌సెట్.

సోమర్‌సెట్ జట్టును స్థాపించినది స్టీవ్ కాలఫర్. ఫ్లెమింగ్టన్ ప్రాంతంలో కార్ల డీలర్‌షిప్పులున్న వ్యాపారి. ఈయనకు సినిమా పిచ్చి కూడా ఉండేది. నిర్మాతగా పొట్టి చిత్రాలకు, డాక్యుమెంటరీలకు మూడుసార్లు ఆస్కార్ నామినేషన్ అందుకున్నారు. కార్లు అమ్ముకునే మనిషి అటు సినిమాలు తీస్తూ, ఇటు బేస్‌బాల్ జట్టు నడిపారంటే, "మనకెందుకులే" అనే మాట ఆయన డిక్షనరీలో లేదనుకోవాలి.

జట్టుకు పేట్రియట్స్ అన్న పేరు ఊరికే రాలేదు. స్వాతంత్ర్య యుద్ధ కాలంలో, 1778-79 చలికాలం, జార్జి వాషింగ్టన్ సేనలు ఈ చుట్టుపక్కలే మిడిల్‌బ్రూక్ దగ్గర గుడారాలు వేసుకుని ఉన్నాయి. మన పిల్లలు అయిదో తరగతిలో బట్టీపట్టే చరిత్ర, మనం కూరగాయలకు వెళ్ళే దారిలోనే జరిగింది!

పేరుంది, యజమాని ఉన్నాడు, ఆటగాళ్ళున్నారు. లేనిదల్లా గ్రౌండు. 1998 సీజనులో సోమర్‌సెట్ జట్టు బస్సెక్కి ఊళ్ళు తిరుగుతూనే ఆడింది. సూట్‌కేసు సర్దుకుని సోమవారం ఒక ఊరు, శుక్రవారం ఇంకో ఊరు తిరిగే కన్సల్టెంటుకి ఆ బతుకేమిటో వివరించి చెప్పక్కర్లేదు. 1999 జూన్‌లో బ్రిడ్జ్‌వాటర్‌లో రైలు పట్టాల పక్కన, ఒకప్పటి రసాయనాల ఫ్యాక్టరీ స్థలంలో 6,100 సీట్ల గ్రౌండు తయారైంది. మేం మొదటిసారి వెళ్ళినప్పుడు దాని పేరు కామర్స్ బ్యాంక్ బాల్‌పార్క్. ఆ బ్యాంకు టీడీ బ్యాంకులో కలిసిపోయాక పేరు కూడా మారింది. మన కంపెనీల పేర్లు మారినట్టే!

మీసాల మేనేజరు

ఆ మొదటి రోజు నాకు బాగా గుర్తున్నది ఆట కాదు, ఒక మీసం. డగౌటు మెట్ల మీద చేతులు కట్టుకుని నిలబడ్డ గుబురు మీసాల పెద్దమనిషి. వెనక సీటు పెద్దాయన ఆయన్ని చూపించి, గొంతు తగ్గించి, గుళ్ళో దేవుణ్ణి పరిచయం చేసినట్టు చెప్పారు: "స్పార్కీ లైల్."

లైల్ రిలీఫ్ పిచర్. అంటే ఆట మొదట్లో రాడు. మొదలుపెట్టినవాడు అలిసిపోయి, బేసుల మీద ప్రత్యర్థులు నిండిపోయి, ఇల్లు అంటుకున్నాక నీళ్ళ బిందెతో వచ్చేవాడు. 1967 నుంచి 1982 దాకా 16 సీజన్లలో 899 మ్యాచిల్లో బంతి వేశాడు. వాటిలో ఒక్క మ్యాచ్ కూడా తను ప్రారంభించలేదు. అన్నీ ఎవరో మొదలుపెట్టినవి చక్కబెట్టడమే. ప్రొడక్షన్ సపోర్టులో పనిచేసే మిత్రులారా, మీకు ఈయన కులదైవం!

1977లో న్యూయార్క్ యాంకీస్ తరఫున ఆడుతూ సై యంగ్ అవార్డు గెలిచాడు. అది ఏడాదిలో ఉత్తమ పిచర్‌కి ఇచ్చే బహుమతి. అమెరికన్ లీగ్‌లో ఒక రిలీఫ్ పిచర్‌కి అది దక్కడం అదే మొదటిసారి. ఆ ఏడాది యాంకీస్ ప్రపంచ విజేతలు కూడా. ఇక ఈయనకు తిరుగులేదనుకుంటాం కదా? ఆ చలికాలంలోనే యాంకీస్ వాళ్ళు గూస్ గాసేజ్ అనే ఇంకో రిలీఫ్ పిచర్‌ని తెచ్చుకున్నారు. 1978లో లైల్‌కి పెద్ద పని లేకుండా పోయింది. ఆ ఏడాది చివర ఆయన్ని టెక్సస్‌కి పంపేశారు. పోయినేడు ఉత్తముడు, ఈ ఏడు అదనపు మనిషి.

1998లో కాలఫర్ తన జట్టుకు మొదటి మేనేజరుగా పిలిచింది ఈయన్నే. ఎందుకో నాకు తర్వాత అర్థమైంది. వద్దనిపించుకున్న కుర్రాళ్ళ గుంపుని నడిపించడానికి, వద్దనిపించుకోవడం ఎలా ఉంటుందో తెలిసిన మనిషి కావాలి. లైల్ 2012 దాకా 15 సీజన్లు ఆ కుర్చీలో ఉన్నాడు. వెయ్యికి పైగా విజయాలు. 2001, 2003, 2005, 2008, 2009లలో లీగ్ ఛాంపియన్‌షిప్పులు. మా గెస్ట్ హౌస్ మిత్రులు ఒక్కొక్కరు ఒక్కో రాష్ట్రానికి వెళ్ళిపోయినా, సెప్టెంబరు వచ్చేసరికి "మనవాళ్ళు గెలిచారా?" అని ఫోన్లు వచ్చేవి.

లైల్ తర్వాత వచ్చినవాడు బ్రెట్ జోడీ. 2001లో కొద్ది రోజులు యాంకీస్‌కీ, శాన్ డియాగోకీ ఆడి, తర్వాత ఇక్కడికొచ్చి పిచర్‌గా చేరాడు. పిచింగ్ కోచ్ అయ్యాడు. ఆటగాళ్ళను వెతికి తెచ్చే బాధ్యతా తీసుకున్నాడు. 2013 నుంచి మేనేజరు. 2015లో జట్టుకు ఆరో ఛాంపియన్‌షిప్ సంపాదించిపెట్టాడు. స్వతంత్ర జట్టులో ఆటగాళ్ళని వెతకడమంటే సగం ఆట అదే. ఏ జట్టు ఎవరిని తీసేసిందో పొద్దున్నే చూసుకోవాలి, మధ్యాహ్నానికి ఆ కుర్రాడికి ఫోన్ చేసి ఓదార్చాలి, సాయంత్రానికి బస్సు ఎక్కించాలి. నాకు తెలిసిన రిక్రూటర్లు చాలామంది ఈ మధ్యలోని ఓదార్పు మాత్రం మరిచిపోయేవారు.

ఇక ఆఫీసు వైపు జట్టు ప్రెసిడెంటు, జనరల్ మేనేజరు ప్యాట్రిక్ మెక్‌వెర్రీ. స్వతంత్రంగా ఉన్న కాలంలోనూ, ఆ తర్వాతా జట్టు వ్యవహారాలు నడిపినది ఆయనే. ఆయన కింద పేర్లు పేపర్లో రాని మనుషులు బోలెడుమంది. ఒక సాయంత్రం సగం ఆటలో వాన పడింది. మాకు టికెట్లు ఇచ్చిన కౌంటరు కుర్రాడు, ఇన్నింగ్స్ మధ్య పిల్లలకు పోటీలు పెట్టే అమ్మాయి, టోపీలు అమ్మే అబ్బాయి, అందరూ ఒక్క ఉదుటున మైదానంలోకి పరిగెత్తుకొచ్చి, గ్రౌండు సిబ్బందితో పాటు పెద్ద టార్పాలిన్ లాగడం మొదలెట్టారు. మా ఊళ్ళో కళ్ళంలో ధాన్యం మీద చినుకు పడితే ఇంటిల్లిపాదీ పరిగెత్తడం గుర్తొచ్చింది. "ఇది నా పని కాదు" అనేవాడు అలాంటిచోట ఒక్కరోజు కూడా ఉండలేడు.

మళ్ళీ పిలుపు వచ్చినవాళ్ళు

పిల్లలూ, ఇప్పుడు మూడు చిన్న కథలు.

ఒకటి: టిమ్ రెయిన్స్. 1980లలో బేసులు దొంగిలించడంలో పేరు మోసిన వీరుడు. 1999లో లూపస్ అనే జబ్బు పట్టుకుంది, మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. 2000లో, 40 ఏళ్ళ వయసులో, సోమర్‌సెట్ పేట్రియట్స్‌లో చేరి మళ్ళీ ఆడాడు. 2001లో మేజర్ లీగ్‌కి తిరిగి వెళ్ళాడు. ఆ అక్టోబరులో బాల్టిమోర్ జట్టులో తన సొంత కొడుకుతో కలిసి ఒకే మ్యాచ్‌లో ఆడాడు. 2017లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. తండ్రీకొడుకులు ఒకే మైదానంలో నిలబడ్డ ఆ రోజుకి దారి మన బ్రిడ్జ్‌వాటర్ మీదుగా వెళ్ళిందని తలుచుకుంటే ఇప్పటికీ నాకు సంతోషం.

రెండు: రికీ హెండర్సన్. బేసుల దొంగతనంలో ఆయన రికార్డు దరిదాపులకు కూడా ఎవరూ రాలేదు. 2003లో ఏ పెద్ద జట్టూ పిలవకపోతే, 44 ఏళ్ళ వయసులో పక్కనే నెవార్క్ బేర్స్‌కి ఆడాడు. జులైలో లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ పిలిచారు.

మూడు: రిచ్ హిల్. 2015లో 35 ఏళ్ళవాడు. లాంగ్ ఐలండ్ డక్స్‌కి కేవలం రెండు మ్యాచిలు ఆడాడు. బోస్టన్ వాళ్ళు తీసుకెళ్ళారు. మరుసటి ఏడాది చివర డాడ్జర్స్‌తో కుదిరిన మూడేళ్ళ ఒప్పందం విలువ 4 కోట్ల 80 లక్షల డాలర్లు.

ఇవి చెప్పి ఊరుకుంటే అబద్ధం చెప్పినట్టవుతుంది. ఇలా పిలుపు రానివాళ్ళే ఎక్కువ. యాంకీస్ వీరుడు గ్రెగ్ నెటిల్స్ కొడుకు జెఫ్ నెటిల్స్, మేజర్ లీగ్ గడప తొక్కకుండానే ఏళ్ళ తరబడి సోమర్‌సెట్‌కి మూడో బేస్ దగ్గర ఆడాడు. మా స్టాండులో జనం ఆయన పేరు పిలిచినంత ప్రేమగా ఏ స్టార్ పేరునీ పిలవలేదు. గెలుపు అంటే పైకి వెళ్ళడం ఒక్కటేనా అన్న అనుమానం నాకు మొదటిసారి వచ్చింది ఆయన్ని చూసే.

బేస్‌బాల్ టెస్ట్ సర్వరు

మన ఐటీవాళ్ళకు నచ్చే ముచ్చట ఒకటి. ఏ ప్రోగ్రామునైనా నేరుగా ప్రొడక్షన్‌లో పెట్టం కదా, ముందు టెస్ట్ సర్వర్‌లో చూస్తాం. 2019లో మేజర్ లీగ్ వాళ్ళు అట్లాంటిక్ లీగ్‌తో ఒప్పందం చేసుకుని, దాన్ని సరిగ్గా అలాగే వాడుకున్నారు. ఆ జులైలో పెన్సిల్వేనియాలోని యార్క్‌లో జరిగిన ఆల్‌స్టార్ మ్యాచ్‌లో అంపైర్ చెవిలో ఇయర్‌ఫోన్, జేబులో ఐఫోన్. బంతి స్ట్రైకా, బాలా అన్నది రాడార్ చూసి, కంప్యూటర్ లెక్కగట్టి చెవిలో చెబితే ఆయన చెయ్యెత్తాడు. బేసుల సైజు పెంచడం కూడా ఆ ఏడాది ఇక్కడ ప్రయత్నించారు. ఆ పెద్ద బేసులు 2023లో మేజర్ లీగ్‌కి వచ్చేశాయి. అంపైర్ నిర్ణయాన్ని కంప్యూటర్‌తో సరిచూడమని ఆటగాడు అడిగే పద్ధతికి 2025 సెప్టెంబరులో ఆమోదం దొరికింది, 2026 సీజను నుంచి అమలు. ప్రపంచమంతా టీవీలో చూసే మార్పుని ఆరేళ్ళ ముందే సాదా జీతాల కుర్రాళ్ళు, చిన్న ఊళ్ళ అంపైర్లు మోసి చూపించారు. టెస్టింగ్ టీమ్ పేరు రిలీజ్ పార్టీలో ఎవరూ తలవరు. అందుకని నేను తలుస్తున్నాను.

ఓడలు బళ్ళు, బళ్ళు ఓడలు

2020లో కరోనా వచ్చి అట్లాంటిక్ లీగ్ సీజను మొత్తం రద్దయింది. టికెట్ల మీద బతికే జట్టుకి అది చావుదెబ్బ. పేట్రియట్స్ చేతులు ముడుచుకోలేదు. న్యూజెర్సీ బ్లాస్టర్స్ అని ఇంకో జట్టుని తయారుచేసి, పరిమితంగా జనాన్ని రానిచ్చి, తమ గ్రౌండులోనే ఆ వేసవి వాళ్ళతో మ్యాచిలు నడిపారు.

ఆ నవంబరులో పెద్ద వార్త. యాంకీస్ వాళ్ళు సోమర్‌సెట్‌ని తమ డబుల్ ఏ జట్టుగా ఎంచుకున్నారు. మేజర్ లీగ్ తన కింది జట్లను 160 నుంచి 120కి కుదిస్తున్న సమయమది. 40కి పైగా జట్లు రోడ్డున పడుతుంటే, మూడు స్వతంత్ర జట్లు మాత్రం పైకెక్కాయి. మినెసోటాలో సెయింట్ పాల్, టెక్సస్‌లో మనవాళ్ళు బాగా ఉండే షుగర్‌ల్యాండ్, మన సోమర్‌సెట్. 2021 ఏప్రిల్‌లో, కొత్త సీజను మొదలవబోతుండగా, స్టీవ్ కాలఫర్ కన్నుమూశారు. తను నాటిన చెట్టుకి కొత్త కొమ్మ వేసిందని తెలిసింది గానీ, దాని పూత చూడలేకపోయారు. 2022లో ఆ జట్టు ఈస్టర్న్ లీగ్ ఛాంపియన్ అయింది. ఆ ఏడాది అక్కడ ఆడిన ఆంథనీ వోల్పీ పక్కనే ఉన్న వాచుంగ్ కుర్రాడు. మరుసటి ఏడు యాంకీస్ షార్ట్‌స్టాప్ అయ్యాడు.

సంతోషమే. కానీ ఇంటి పెద్ద వచ్చాక ఇంటి పద్ధతి మారుతుంది కదా. మేనేజరెవరో, ఆటగాళ్ళెవరో ఇప్పుడు యాంకీస్ నిర్ణయం. పాతికేళ్ళ లోపు కుర్రాళ్ళు వస్తారు, మెరుస్తారు, వెళ్తారు. వద్దనిపించుకున్న 35 ఏళ్ళవాడికి అక్కడ చోటు లేదు.

మరి అలాంటివాళ్ళు ఎక్కడికి పోవాలి? దానికి జవాబు న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్‌లో దొరికింది. అక్కడి ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ 2002 నుంచి హ్యూస్టన్ ఆస్ట్రోస్ కింద ఉన్న జట్టు. హోసే ఆల్టువే లాంటి వీరుడు కుర్రతనంలో ఆడిన చోటు. 2020 కుదింపులో ఆ జట్టు రోడ్డున పడింది. ఊరుకోకుండా 2021లో స్వతంత్ర జట్టుగా ఫ్రాంటియర్ లీగ్‌లో చేరింది. ఒకే ఏడాది మనది బండి నుంచి ఓడ, వాళ్ళది ఓడ నుంచి బండి!

ఆ బండి ఎక్కినవాడొకడి పేరు మనకి దగ్గరగా వినిపిస్తుంది. కుమార్ రాకర్. తండ్రి ట్రేసీ రాకర్ ఒకప్పటి ఫుట్‌బాల్ ఆటగాడు, తల్లి లలిత భారత సంతతి. 2019లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ తరఫున డ్యూక్ మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రయికౌట్ చేసిన పిచర్. 2021లో మెట్స్ పదో స్థానంలో ఎంచుకున్నారు. వైద్య పరీక్ష తర్వాత ఒప్పందం చెయ్యకుండా వదిలేశారు. భుజానికి ఆపరేషను జరిగింది. 2022 వేసవిలో ట్రాయ్ వచ్చి, అయిదు మ్యాచిల్లో 20 ఇన్నింగ్స్ వేసి 32 స్ట్రయికౌట్లు చేశాడు. జులైలో టెక్సస్ రేంజర్స్ మూడో స్థానంలో ఎంచుకున్నారు.

మా అబ్బాయి ప్రశ్న

ఇంత చరిత్ర నేను చెప్పడానికి అసలు కారణం ఇప్పుడు చెబుతాను.

మా అబ్బాయి 2008లో పుట్టాడు. నడక వచ్చిన దగ్గర్నుంచి పేట్రియట్స్ టోపీ. లిటిల్ లీగ్ ఆడాడు. 2024 మార్చిలో హైస్కూలు జట్టు ఎంపికలో పేరు రాలేదు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, "కట్ అయ్యాను నాన్నా" అని చెప్పి లేచిపోయాడు. నేను చెప్పిందేమిటో తెలుసా? "పోనీలే, ఇక చదువు మీద దృష్టి పెట్టొచ్చు." మా ఆవిడ నావైపు చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు. ఆ తర్వాత నెల రోజులు వాడు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

జూన్‌లో వాణ్ణి కారెక్కించుకుని మూడు గంటలు డ్రైవు చేసి ట్రాయ్ తీసుకెళ్ళాను. కమ్యూనిటీ కాలేజీ ఆవరణలో చిన్న గ్రౌండు. 2002లో చూసిన వాతావరణమే. ఆట అయ్యాక ఒక ఆటగాడు తన సంచి తనే మోసుకుంటూ వచ్చి, కంచె దగ్గర పిల్లలందరికీ ఓపిగ్గా సంతకాలు పెట్టాడు. ముప్పైకి దగ్గరగా ఉంటాడు.

"ఆయనకి ఎంతిస్తారు?" అని అడిగాడు మావాడు. చెప్పాను.

"మరి ఎందుకు ఆడుతున్నాడు?"

సరిగ్గా ఈ ప్రశ్నే 2002లో మా నాన్న నన్నడిగారు. ఫోన్ కార్డులో మూడు నిమిషాలు మిగిలి ఉండగా, "ఎందుకురా అక్కడ, వచ్చెయ్యకూడదూ?" అన్నారు. "ఇంకో నెల చూస్తాను నాన్నా" అన్నాను. ఆ నెల తర్వాత మరో రెండు నెలలు. గెస్ట్ హౌస్, బెంచి, ఒకే ఫోను, ఇంట్లో ఎవరికీ చెప్పని భయం, ఇవేవీ అంతవరకూ మా అబ్బాయికి నేను చెప్పలేదు. వాడికి తెలిసిన నాన్న ఎప్పుడూ ఉద్యోగం ఉన్న నాన్నే. తిరుగు ప్రయాణంలో మూడు గంటలూ ఆ కథంతా చెప్పాను. వాడు మధ్యలో ఒకేసారి మాట్లాడాడు: "మరి నాకప్పుడు చదువుకో అన్నావెందుకు?" జవాబు లేదు. "తప్పే" అన్నాను.

ఆ సెప్టెంబరు 12 రాత్రి పదవుతుండగా మేడ మీంచి కేకేశాడు, "నాన్నా, త్వరగా రా!" సియాటిల్‌లో కుమార్ రాకర్ మేజర్ లీగ్‌లో మొదటిసారి బంతి వేస్తున్నాడు. 2023లో మోచేతికి కూడా ఆపరేషను అయిన మనిషి! నాలుగు ఇన్నింగ్స్‌లో ఏడుగుర్ని స్ట్రయికౌట్ చేశాడు. మర్నాడు బడి ఉందని ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ గుర్తు చెయ్యలేదు.

2025 వసంతంలో మావాడు మళ్ళీ ఎంపికకి వెళ్ళలేదు. కోచ్ దగ్గరికెళ్ళి స్కోరు పుస్తకం రాస్తానని అడిగాడు. సీజనంతా రాశాడు. వాన పడినప్పుడు టార్పాలిన్ కూడా లాగాడట. ఆ మాట చెప్పినప్పుడు వాడి మొహం చూడాల్సింది. జట్టంటే బ్యాటు పట్టినవాడొక్కడే కాదని నేను ఇరవై ఏళ్ళు చూసి తెలుసుకున్నది, వాడు ఒక్క సీజనులో తెలుసుకున్నాడు.

ఇప్పుడు మన పిల్లల్లో నిజంగా ఆడేవాళ్ళూ వస్తున్నారు. ఫ్లోరిడా కుర్రాడు అర్జున్ నిమ్మలని 2023లో టొరంటో బ్లూ జేస్ మొదటి రౌండులోనే, 20వ స్థానంలో ఎంచుకున్నారు. ఇంటిపేరు వినగానే మన చెవులు నిక్కబొడుచుకుంటాయి కదా! వాళ్ళని చూసి గర్వపడదాం. అలాగే పేరు రాని పిల్లల్ని కూడా ఒకసారి భుజం తడదాం.

ఈ వేసవిలో ఒక సాయంత్రం ఖాళీ చేసుకోండి. లాంగ్ ఐలండ్‌లో డక్స్, షికాగో దగ్గర షాంబర్గ్ బూమర్స్, ట్రాయ్‌లో వ్యాలీక్యాట్స్, ఇలా స్వతంత్ర జట్లు ఇంకా చాలా ఉన్నాయి. మీ ఊరికి ఏది దగ్గరో చూసుకుని వెళ్ళండి. నియమాలు తెలియకపోయినా ఫరవాలేదు. వెనక సీట్లో ఎవరో ఒక పెద్దాయన తప్పకుండా ఉంటారు. లేకపోతే, ఆ వెనక సీటు పెద్దాయన పని మీరే చేయండి. ఈ మధ్య నేను చేస్తున్నది అదే.